ఇంటి స్విచ్ ఎవరి చేతిలో ఉండాలి?

మన జీఎస్-3 నోట్సులో ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్‌కి దక్కేది మహా అయితే అర పేజీ. ఒక నిర్వచనం, రెండు ఉపయోగాలు, సైబర్ భద్రత అనే ఒక సవాలు, చివర "ముందున్న మార్గం" అని నాలుగు లైన్లు. అందులో స్మార్ట్ హోమ్ అనే మాట వస్తే, అదేదో డబ్బున్నవాళ్ల ముచ్చట అన్నట్టు దాటేస్తాం. ఫోన్లో నొక్కితే ఫ్యాను తిరగడం, చప్పట్లు కొడితే లైటు వెలగడం. దీని మీద పాలసీ ఏముంటుంది అనుకుంటాం.

నేను ఎలక్ట్రానిక్స్ బ్రాంచిలో ఇంజనీరింగ్ చేసి ఇటు వచ్చినవాణ్ని. నాకు ఇందులో చాలా పాలసీ కనిపిస్తుంది. ముఖ్యంగా ఈ పరికరాలను కొనుక్కోకుండా ఇంట్లోనే తయారు చేసుకునే హాబీ వాళ్ల దగ్గర. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు ఒప్పుకున్నా సరే, కాదన్నా సరే. డబ్బు పెట్టి కొన్న వస్తువు, దాన్ని అమ్మిన కంపెనీ సర్వర్ మూతపడినా పనిచేయాలి. ఇది కంపెనీల దయ మీద వదిలేయకుండా చట్టంలో షరతుగా పెట్టాలి. అది సాధ్యమేనని చేసి చూపించింది ఈ హాబీ వాళ్లే. అలాగని వాళ్లు చేసేదంతా ఒప్పేనని కూడా నేను అనను.

ముందు సంగతేంటో చూద్దాం. 2014లో షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ అనే కంపెనీ చేసిన ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్పు మార్కెట్లోకి వచ్చింది. అప్పటిదాకా ఒక చిన్న పరికరానికి వైఫై తగిలించాలంటే ఖర్చు తడిసి మోపెడయ్యేది. ఈ చిప్పు దాన్ని కొన్ని వందల రూపాయల్లోకి తెచ్చింది. మొదట్లో దాని సమాచారమంతా చైనీస్ భాషలోనే ఉండేది. వివిధ దేశాల హాబీ వాళ్లే కూర్చుని దాన్ని అనువదించుకున్నారు, ప్రోగ్రాములు రాసి పంచుకున్నారు. ఈరోజు కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లినా, చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లినా, బెంగళూరు ఎస్పీ రోడ్డుకి వెళ్లినా ఆ చిప్పున్న బోర్డు అడగ్గానే తీసి ఇస్తారు. బీటెక్ మూడో సంవత్సరం మినీ ప్రాజెక్టుల్లో సగం దాని మీదే నడుస్తాయంటే అతిశయోక్తి కాదు.

ఇలాంటి బోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఎక్కువగా వాడే పద్ధతి ఎంక్యూటీటీ. దీన్ని 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు ఇంజనీర్లు రూపొందించారు. ఎక్కడో ఉన్న ఆయిల్ పైపులైన్ల సమాచారాన్ని ఉపగ్రహం ద్వారా, అతి తక్కువ డేటాతో తెప్పించుకోవడం కోసం పుట్టిన పద్ధతి అది. ఇప్పుడు ఇంటి పైన నీళ్ల ట్యాంకు, కింద మోటారుతో అదే పద్ధతిలో మాట్లాడుతోంది. వీటన్నిటినీ ఒకచోట కూర్చే సాఫ్ట్‌వేర్ పేరు హోమ్ అసిస్టెంట్. 2013లో పౌలస్ స్కౌట్సెన్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, మన ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటర్ మీద నడుస్తుంది. 2024లో దాన్ని ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ కిందకి తెచ్చారు. రేపు ఎవరో వచ్చి మొత్తం కొనేసి తాళం వేయకుండా చేసుకున్న ఏర్పాటు అది.

ట్యాంకు ఉదాహరణే ఇంకాస్త చూద్దాం, మన ఊళ్లలో అందరికీ తెలిసిన సమస్య కాబట్టి. మున్సిపల్ నీళ్లు రోజు విడిచి రోజు, ఏ వేళకొస్తాయో తెలియకుండా వస్తాయి. సంపు నిండాలి, సంపులోంచి మోటారుతో పైకెక్కాలి. మోటారు వేసి మర్చిపోతే నీళ్లు వీధిలోకి, పక్కింటివాళ్ల మాటలు మన ఇంట్లోకి. సంపు ఖాళీ అయ్యాక కూడా మోటారు తిరిగితే కాలిపోతుంది. ఈ పనికి కావాల్సింది నీటి మట్టం చూసే ఒక సెన్సారు, ఒక చిప్పు, ఒక కాంటాక్టరు. ఇంటర్నెట్ అవసరమే లేదు. మా ఇంట్లో నేను పెట్టినదానికి యాప్ కూడా లేదు. అమ్మకి స్విచ్ బోర్డు మీద ఎర్ర లైటు కనిపిస్తే చాలు, నీళ్లు తక్కువున్నాయని అర్థం. పాత స్విచ్ అలాగే ఉంచాను. చిప్పు చచ్చినా మోటారు మామూలుగా ఆన్ చేసుకోవచ్చు. ఏ ఆటోమేషన్‌కైనా నేను పెట్టే మొదటి పరీక్ష ఇదే. అది లేనప్పుడు కూడా ఇల్లు నడవాలి.

కంపెనీలు అమ్మే స్మార్ట్ పరికరాల్లో చాలావాటికి ఈ పరీక్ష పెడితే తప్పుతాయి. ఒకే గదిలో మీరు, బల్బు ఇద్దరూ ఉంటారు. మీరు ఫోన్లో నొక్కిన ఆదేశం మాత్రం ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌కి వెళ్లి, తిరిగి అదే గదిలోకి వస్తుంది. నెట్ పోతే బల్బు యాప్ మాట వినదు. సర్వర్ శాశ్వతంగా ఆగిపోతే పరికరం పెట్టెలో పెట్టుకోవాల్సిందే. ఇది ఊహించి చెబుతున్నది కాదు. అమెరికాలో రివోల్వ్ అనే హోమ్ హబ్ ధర దాదాపు 300 డాలర్లు. 2014లో గూగుల్ ఆధ్వర్యంలోని నెస్ట్ ఆ కంపెనీని కొనుక్కుంది. 2016 మేలో సర్వర్ ఆపేసింది. జనం ఇళ్లలో పనిచేస్తున్న హబ్బులు ఆ రోజుతో ఉత్త డబ్బాలయ్యాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే మరో కంపెనీ ముందు మాటైనా చెప్పకుండా సర్వర్లు ఆపేసింది. కొన్ని వారాల తర్వాత దాని వినియోగదారుల్లోనే కొందరు కలిసి ఆ కంపెనీని కొని మళ్లీ నడిపించారు. ఈ రెండు సందర్భాల్లోనూ వస్తువుకి ఏ లోపమూ లేదు. డబ్బు మనం కడతాం, వస్తువు మన గోడ మీద ఉంటుంది, దాని ప్రాణం మాత్రం ఇంకొకరి దగ్గర ఉంటుంది. దీన్ని అమ్మకం అనాలా, అద్దె అనాలా?

హాబీ వాళ్లు దీనికి తమకు తోచిన జవాబు కనిపెట్టారు. నెదర్లాండ్స్‌కి చెందిన థియో ఆరెండ్స్ మొదలుపెట్టిన టాస్మోటా అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఈఎస్‌పీ చిప్పున్న స్మార్ట్ ప్లగ్గు కొని, అందులో కంపెనీ రాసిన ప్రోగ్రామ్ చెరిపేసి దీన్ని ఎక్కిస్తారు. ఆ క్షణం నుంచి ఆ ప్లగ్గు బయటి సర్వర్‌ని అడగదు, ఇంట్లోనే మాట్లాడుతుంది. వారంటీ పోతుంది, వస్తువు మాత్రం మనదవుతుంది. పరిశ్రమ కూడా కొంత దారికొచ్చింది. 2022 అక్టోబరులో పెద్ద కంపెనీలన్నీ కలిసి మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం తెచ్చాయి, అందులో ఇంట్లోనే నడిచే నియంత్రణకు చోటు ఉంది. కానీ ఇష్టమున్నవాళ్లే పాటించే ప్రమాణం వేరు, అందరూ పాటించాల్సిన చట్టం వేరు.

మన దేశంలో దీనికి తలుపు ఇప్పటికే కొంచెం తెరిచి ఉంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో "రైట్ టు రిపేర్" మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను తీసుకుంది. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా వచ్చింది. ఇప్పటివరకు ఈ చర్చ ఎక్కువగా స్పేర్ పార్టులు, సర్వీసు మాన్యువళ్ల చుట్టూ తిరుగుతోంది. అది అవసరమే. కానీ రేపటి వాషింగ్ మెషీన్ బెల్టు తెగి ఆగదు, సర్వర్ జవాబివ్వక ఆగుతుంది. కాబట్టి రిపేర్ హక్కు అనే మాటలో సాఫ్ట్‌వేర్‌ని కూడా చేర్చాలి. సర్వర్ ఆపదలచుకున్న కంపెనీ కనీసం పరికరం ఇంట్లో నడవడానికి కావాల్సిన వివరాలైనా బయటపెట్టాలి. మెయిన్స్‌లో రైట్ టు రిపేర్ వస్తే ఈ పాయింటు రాయండి, అందరూ రాసే మొబైల్ బ్యాటరీ కంటే నయం.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అని అనిపిస్తోందా? మన పల్లెల్లో సామాన్యుడు సొంతంగా పెట్టుకున్న ఆటోమేషన్ మనందరికీ తెలిసిందే. దాని పేరు ఆటో స్టార్టర్. బోరు మోటారుకి త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు దానంతటదే ఆన్ అయ్యేలా, మండల కేంద్రంలో మెకానిక్ బిగించి ఇచ్చే డబ్బా అది. ఇల్లు కాదు, చేను. హాబీ కాదు, అవసరం. అయినా రెండింటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే. వ్యవస్థ నా వేళకి నడవనప్పుడు, దాని వేళకి నా బదులు కాపలా కాసే ఒక యంత్రం పెట్టుకుంటాను.

రైతు దాన్ని ఎందుకు పెట్టుకున్నాడో కోచింగ్ మెటీరియల్‌లో ఉండదు. వ్యవసాయానికి కరెంటు విడతలుగా ఇచ్చిన రోజుల్లో ఒక విడత రాత్రి పూట వచ్చేది. రెండు గంటలకో మూడు గంటలకో టార్చిలైటు పట్టుకుని చేలో గట్టు మీద నడిచి వెళ్లాలి. పాము కాటుకి, తెగిపడిన తీగలకి, తడి చేతులతో స్టార్టర్ డబ్బా ముట్టుకున్నందుకు పోయిన ప్రాణాల గురించి ఊళ్లలో పుట్టి పెరిగిన ఎవర్నడిగినా చెబుతారు. ఆ నడక తప్పించింది ఆటో స్టార్టరే. ఆ తర్వాత ఫోను చేసి మోటారు వేసే మొబైల్ స్టార్టర్లు కూడా వచ్చాయి. పుణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ రూపొందించిన నానో గణేశ్ వాటిలో పేరున్నది.

మరి ప్రభుత్వాలు వాటిని తీసేయమని ఎందుకన్నాయి? ఇక్కడే అసలు పాఠం ఉంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇరవై మోటార్లున్నాయనుకోండి. మామూలుగా రైతులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వేస్తారు. ఆటో స్టార్టర్లుంటే కరెంటు వచ్చిన క్షణమే ఇరవై మోటార్లూ ఒకేసారి లేస్తాయి. నేరుగా లైను మీద స్టార్టయ్యే మోటారు, ఆ తొలి క్షణాల్లో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. వోల్టేజీ పడిపోతుంది, ఫ్యూజులు పోతాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. కాలిన ట్రాన్స్‌ఫార్మర్ బాగై వచ్చేదాకా ఇరవై మంది పొలాలూ ఎండుతాయి. ఒక్కొక్కరికీ తెలివైన నిర్ణయం, అందరికీ కలిపి నష్టం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక మరో సమస్య ముందుకొచ్చింది. కరెంటు పోవడం లేదు కాబట్టి ఆటో స్టార్టరున్న మోటారు ఆగదు, భూగర్భ జలం తోడుతూనే ఉంటుంది. అందుకే ఆటో స్టార్టర్లు తీసేయాలని రైతులకి గట్టిగా చెప్పారు.

తీసేయమనడం అర్థం చేసుకోదగిన మాటే. కానీ అది సగం జవాబు అని నాకనిపిస్తుంది. కరెంటు వచ్చాక ఒక్కో మోటారు వేర్వేరు నిమిషంలో లేచేలా డబ్బాలో ఆలస్యం పెట్టడం చాలా చిన్న పని. ఈఎస్‌పీ బోర్డు మీద అయితే ఒకటి రెండు లైన్ల ప్రోగ్రాము. ఇరవై నిమిషాల వ్యవధిలో ఇరవై మోటార్లు విడివిడిగా లేస్తే ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆ దెబ్బ తగలదు. ఇన్ని గంటలు నడిచాక ఆగిపో అని కూడా అందులోనే చెప్పొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ సమస్యకి ఇది సరిపోతుంది. నీటి సమస్యకి సరిపోదు, దానికి ఏ పంట వేస్తాం అనే పెద్ద ప్రశ్న ఉంది. అయినా తీసేయండి అనే ఆదేశం కంటే, ఆలస్యం లేని ఆటో స్టార్టర్ అమ్మకూడదు అనే ప్రమాణం మెరుగని నా ఉద్దేశం. రైతు మళ్లీ రాత్రి గట్టు మీద నడవాల్సిన పని లేకుండా ఉంటుంది.

ఇప్పుడు ఇంటి హాబీ వాళ్ల దగ్గరికి ఇదే లెక్క పట్టుకుని రండి. ఇంట్లో పెట్టుకున్నది నా సొంత వ్యవహారం అనే వాదన కొంతదూరమే నడుస్తుంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ కెమెరాలు, రౌటర్ల వంటి లక్షలాది పరికరాల్లోకి దూరింది. కష్టపడి ఏమీ కాదు, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులను ఎవరూ మార్చలేదు కాబట్టి. ఆ ఏడాది అక్టోబరు 21న ఆ పరికరాలతో డిన్ అనే కంపెనీ మీద దాడి జరిగితే అమెరికాలో ఎన్నో పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి అందలేదు. ఆ కెమెరాల యజమానులకి తమ పరికరం దాడిలో ఉందన్న సంగతే తెలియదు. మన టెలికమ్యూనికేషన్ ఇంజనీరింగ్ సెంటర్ 2021లో ఇచ్చిన ఐఓటీ భద్రతా నియమావళిలో మొదటి నియమమే అన్ని పరికరాలకీ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డు ఉండకూడదని. బ్రిటన్ దాన్ని చట్టం చేసి 2024 ఏప్రిల్ 29 నుంచి అమలు చేస్తోంది. మనది మాత్రం మార్గదర్శకంగానే వచ్చింది. ఇంట్లో సొంతంగా చేసుకున్నది ఈ లెక్కల్లోకే రాదు. బయటినుంచి చూసుకోవాలని రౌటర్‌లో పోర్టు తెరిచి పాస్‌వర్డు పెట్టకుండా వదిలేసినవాడికి, కంపెనీని తిట్టే హక్కు కొంచెం తగ్గుతుంది.

దానికంటే ముందు 230 వోల్టులున్నాయి. పది ఆంపియర్ల చిన్న రిలే మీద ఒక హార్స్‌పవర్ మోటారుని నేరుగా నడిపే ప్రాజెక్టులు చాలా కనిపిస్తాయి. కాగితం మీద లెక్క సరిపోతుంది, మోటారు లేచేటప్పుడు లాగే కరెంటుకి రిలే అతుక్కుపోతుంది. అతుక్కున్న రిలే ఆఫ్ కాదు. మోటారుకి కాంటాక్టరు, ఇంటికి ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర కరెంటు కట్ చేసే ఆర్‌సీసీబీ, ఇవి లేకుండా ఏ ఆటోమేషనూ వద్దు. చిప్పు దగ్గర స్వేచ్ఛ ఎంతైనా ఉండొచ్చు, మెయిన్స్ వైరు దగ్గర నియమమే ఉండాలి.

ఇంకో విషయం హాబీ వాళ్లు పెద్దగా మాట్లాడరు. డేటా మన ఇల్లు దాటి పోవడం లేదు కాబట్టి ప్రైవసీ సమస్య తీరిపోయిందంటారు. కంపెనీ విషయంలో నిజమే. కానీ ఇంట్లో ఉన్నది ఒక్కరే కాదు కదా. ఊరికి దూరంగా ఉద్యోగం చేసే కొడుకు అమ్మానాన్నల హాల్లో కెమెరా పెడతాడు, ప్రేమతోనే. తలుపు ఎన్ని గంటలకి తెరుచుకుందో, వంటగదిలో లైటు ఎప్పుడు వెలిగిందో అతని ఫోన్‌కి చేరుతుంది. పనిమనిషి ఎప్పుడొచ్చింది, కోడలు ఎప్పుడు బయటికెళ్లింది అన్నీ అందులో ఉంటాయి. వాళ్లనెవరూ అడగలేదు. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం ప్రైవసీని ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం ఒక వ్యక్తి సొంత లేదా ఇంటి అవసరానికి వాడే డేటాను తన పరిధి నుంచి మినహాయించింది. ప్రతి ఇంట్లోకీ చట్టం దూరకూడదు కాబట్టి ఆ మినహాయింపు సబబే. అంటే ఇక్కడ అనుమతి అడగాల్సింది ఆ ఇంటి ఇంజనీరే. జీఎస్-4లో కేస్ స్టడీగా వస్తే బాగుంటుందని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ప్రభుత్వానికి ఈ హాబీతో నేరుగా పనిపడేది కరెంటు దగ్గర. 2023లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం సూర్యరశ్మి ఉన్న గంటల్లో టారిఫ్ 10 నుంచి 20 శాతం తక్కువగా, డిమాండ్ ఎక్కువున్న గంటల్లో 10 నుంచి 20 శాతం ఎక్కువగా ఉండాలి. వ్యవసాయం తప్ప మిగతా వినియోగదారులకు 2025 ఏప్రిల్ 1ని గడువుగా పెట్టారు, స్మార్ట్ మీటరు బిగించాకే వర్తిస్తుంది. పీఎం సూర్య ఘర్ కింద కోటి ఇళ్లకి రూఫ్‌టాప్ సోలార్ లక్ష్యం. గీజరు, వాషింగ్ మెషీను, మోటారు పగటిపూటకి జరగాలి అనేది దీని ఉద్దేశం. ఎవరు జరుపుతారు? రోజూ గడియారం చూసి ఎవరూ జరపరు, యంత్రమే జరపాలి. నెదర్లాండ్స్‌లో స్మార్ట్ మీటర్లకి పీ1 అనే పోర్టు ఉంటుంది. ఇంటివాళ్లు దానికి ఒక చిన్న ఈఎస్‌పీ బోర్డు తగిలించి తమ వాడకాన్ని తామే క్షణక్షణం చదువుకుంటారు, డిస్కంని అడగక్కర్లేదు. మన దగ్గర 25 కోట్ల స్మార్ట్ మీటర్లు లక్ష్యంగా పెట్టుకున్నాం. మీటరు మీద జనానికి ఉన్న అనుమానాలకి వంద అవగాహన సదస్సుల కంటే ఇలాంటి ఒక పోర్టు ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

దీనికి వచ్చే బలమైన అభ్యంతరం ఒకటుంది. ఇంట్లో చేసిపెట్టిన కుర్రాడు ఉద్యోగానికో, నాలాగా ప్రిపరేషన్‌కో వెళ్లిపోతే తర్వాత ఎవరు చూస్తారు? కంపెనీ వస్తువుకి కనీసం ఒక కస్టమర్ కేర్ నంబరుంటుంది. నిజమే, ఇది ఇంజనీర్ల పిల్లల ఆటగా మిగిలిపోతే పాలసీకి పనికిరాదు. అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు 10,000 దాకా వచ్చాయి, 2025 బడ్జెట్‌లో ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50,000 అన్నారు. మంచిదే. నాకైతే ల్యాబ్ కంటే ఐటీఐ ఎలక్ట్రీషియన్ మీద ఎక్కువ ఆశ ఉంది. ఆటో స్టార్టర్‌ని ఊరూరా తీసుకెళ్లింది ఆయనే కదా. ఎర్తింగు ఆయనకి తెలుసు, ఇంటివాళ్లు ఆయనకి తెలుసు, పిలిస్తే సాయంత్రానికి వస్తాడు. ఆయన సిలబస్‌లో ఒక వైఫై బోర్డు, ఒక సెన్సారు, పాస్‌వర్డు మార్చడం చేరిస్తే చాలు. ఇవాళ ఇన్వర్టర్ బాగుచేసినట్టే రేపు ఇది బాగుచేస్తాడు.

ఈ వారం రాసి చూడాల్సిన ప్రశ్న (250 పదాలు, 15 మార్కులు): "ఇంటర్నెట్‌తో అనుసంధానమైన గృహోపకరణాల యుగంలో యాజమాన్య హక్కు అంటే ఏమిటి? రైట్ టు రిపేర్, సైబర్ భద్రత, వ్యక్తిగత గోప్యత కోణాల్లో విమర్శనాత్మకంగా చర్చించండి." ఆటో స్టార్టర్ ఉదాహరణ వాడుకోండి, పేటెంట్ ఏమీ లేదు. నా వాదనకి వ్యతిరేకంగా రాసినవి కూడా పంపండి, అవే ముందు చదువుతాను.